ఒడిబియ్యంలో బంగారం

కరీంనగర్ బస్టాండు. ఎనభై ఆరు వేసవి, పొద్దు పొడిచి కొంతసేపైంది. సిరిసిల్ల నుంచి మొదటి బస్సులో వచ్చిన దశరథం, నస్పూర్‌లో కాపురముండే అతని చెల్లెలు శంకరవ్వ, మంచిర్యాల మీదుగా నస్పూర్ పోయే బస్సు కోసం నిలబడి ఉన్నారు.

"ముట్టుకోకు అంటున్న గదా శంకరీ."

"ముట్టుకోలే అన్నా."

"ముట్టుకున్నవ్. గిప్పుడే సూసిన. ఏలితోని ఒత్తి సూసుకున్నవ్."

"బియ్యం మూట జారుతుంటే పట్టుకున్న."

"అగో, గదే. దొంగ గదే సూస్తడు. మనిషి చెయ్యి మాటిమాటికి యాడికి పోతున్నదో గాడనే సొమ్మున్నదని వానికి తెలుస్తది. వాడు మన మొఖం సూడడు, మన చెయ్యి సూస్తడు. జేబు తడుముకున్నోడే జేబు పోగొట్టుకుంటడు."

"నీకెట్ల తెలుసు?"

"నాకు తెలువదా? పోయినేడు గీ బస్టాండులనే గాదె, నేను పని చేసే సాంచల ఆసామి అమ్ముకరమ్మని ఇచ్చిన చీరెల మూట పోయింది. నల్లా కాడ నీళ్లు తాగెతందుకు వంగిన. లేచి సూసేవరకు మూట లేదు. మూటను పండ్లతోని సుత కొరికి పట్టుకోవాలె గీడ."

"ఊఁ."

"ఊఁ అంటే కాదు. మెడల గొలుసు తియ్యి."

"గొలుసా?"

"గుండ్ల గొలుసు. బస్సెక్కేకాడ ఇరుకుల గుంజుతరు. గుంజినట్టే తెలువది. గోడ దిక్కు తిరుగు, కొంగు కప్పుకొని తియ్యి."

"ఆయన ఏసుకోమన్నడు. చిన్నాయిన బిడ్డె పెండ్లి గదా, మందిల తక్కువ కనపడొద్దు, ఉన్నయన్నీ ఏసుకొని పో అన్నడు."

"పెండ్లి అయిపోయింది. తియ్యి."

"తీసిన. పట్టు."

"నాకు గాదు. మూటల పెట్టు. బియ్యం నడుమకు తొయ్యి. ఇంకా లోపటికి. అట్లనే. ఒడిబియ్యం మూట మీద ఏ దొంగ చెయ్యెయ్యడు. అవ్వగారింట ఆడిబిడ్డకు పోసిన బియ్యం, పసుపు కలిపిన బియ్యం. గది ముడితే పాపం తాకుతదని దొంగకు సుత బుగులే ఉంటది."

"ఉంటదా?"

"ఉండదా? వానింట్ల మాత్రం అక్కచెల్లెండ్లు ఉండరా?"

"అన్నా."

"ఏంది?"

"నాకు పోయినేడు మాఘమాసంలనే పోసిండ్రు గదా. మూడేండ్లకో ఐదేండ్లకో పోస్తరు. గిదేంది, ఏడాది తిరుగంగనే మల్ల?"

"అవ్వ మనసాయె. అల్లునికి బొగ్గుబాయిల దెబ్బ తాకిందని ఫోన్ రాంగనే ముసల్దానికి పరేషాన్ పట్టింది. బిడ్డె పసుపు కుంకుమ సల్లగుండాలని పోసింది. గంతే."

"దీపం ముందల కూసోవెట్టి చీకట్ల పోసింది. పీట సుత ఎయ్యలే. వాడకట్టుల ఒక్క ముత్తైదువను పిలువలే."

"తెల్లారంగ బస్సుండె గదనే. యాళ్ల యాడిది?"

"పోసినంక నేను కొన్ని బియ్యం అవ్వ కొంగుల వాపసు పోస్తనా. మల్ల రావాలె, మల్ల పోపిచ్చుకోవాలె అని. దోసిట్ల పట్టుకొని పోతే అవ్వ కొంగు పట్టలే."

"మర్సిపోయింది."

"అవ్వ మర్సిపోతదా?"

"మర్సిపోతది శంకరీ. ముసల్దాయె. కమ్మలు తియ్యి."

"కమ్మలు సుతనా?"

"కిటికీలకెల్లి చెయ్యి పెట్టి గుంజుతరు. చెవు తెగి కారుతది. సొమ్ము పాయె, చెవు పాయె. తియ్యి, తియ్యి."

"ఎడమది వస్తలేదు."

"తిప్పు మెల్లగ. నేను తిప్పాల్నా?"

"వచ్చింది."

"మూటల ఎయ్యి. ఇగ సూడు, బస్సొస్తున్నది. ఉరుకకు. ఉరికేకాడనే మీద మీద పడుతరు. నేను తువ్వాల కిటికీలకెల్లి ఏసి సీటు పడుత. నువ్వు మూట రొమ్ముకు పట్టుకొని ఎన్కనుంచి రా. ఎవలన్న నూకితే ఒర్రు. ఒర్రుతవా?"

"ఆఁ."

"ఒర్రవు నువ్వు. నాకు తెలుసు. సరే, నా అంగీ పట్టుకొని రా."

---

"గీడ కూసో. కిటికీ కాడ గాదు, నడుమ కూసో. మూట ఒళ్లె పెట్టుకో. కాళ్ల కాడ పెట్టద్దు, కాళ్ల కాడికెల్లి గుంజుతరు."

"సరే."

"నిద్ర పోవద్దు. ఎవలన్న మీద ఏమో పడ్డదమ్మా అంటే తిరిగి సూడద్దు. ఎవలన్న తిననిస్తే తినద్దు. బిస్కిట్లల్ల మత్తు మందు పెడుతరు. యాడికి పోతున్నరంటే నిజం చెప్పద్దు."

"మరేం చెప్పాలె?"

"నేను చెప్త. నువ్వు మాట్లాడకు."

"జర జరుగు తమ్మీ. ముసల్దాన్ని, నడుము విరిగిపోతున్నది."

"గీడ మనిషున్నడవ్వా."

"యాడున్నడు? నా కండ్లకు కనపడకుండ కూసున్నడా?"

"కూసోనీ అన్నా."

"కూసో అవ్వా. నువ్వు కిటికీ దిక్కు కూసో."

"సల్లగుండు బిడ్డా. జగిత్యాలల దిగుత. చంద్రవ్వంటరు నన్ను. నా బిడ్డె నీళ్లాడింది, మనుమన్ని సూడ పోతున్న. గా ఒళ్లె ఉన్నది ఒడిబియ్యమా? పసుపు వాసనొస్తున్నది."

"ఆఁ, గవే."

"ఏ ఊరికి?"

"ధర్మపురికవ్వా. దేవుని దర్శనానికి పోతున్నం."

"నస్పూర్‌కవ్వా. మా అత్తగారిల్లు."

"ఒకలు ధర్మపురంటరు, ఒకలు నస్పూరంటరు. మీరిద్దరు ఒక్క బస్సే ఎక్కిండ్రా?"

"దర్శనం చేస్కొని గటే పోతమవ్వా."

"అట్ల చెప్పు. అన్నాచెల్లెండ్లా? మొఖాలు కలుస్తయ్. మీ ఇంటాయన ఏం చేస్తడు బిడ్డా?"

"బొగ్గుబాయిల పని."

"అబ్బో. నెల కాంగనే జీతం. మంచిగ సూసుకుంటడా?"

"మంచిగనే సూసుకుంటడు."

"తాగుతడా?"

"జర తాగుతడు. లొల్లి పెట్టడు. తాగితే పాటలు పాడుతడు."

"గట్లయితే బంగారమే. తోల్కపోను ఎందుకు రాలే మరి?"

"డ్యూటీ ఉన్నదవ్వా బావకు. సెలవు దొరుకలే."

"నేను పిల్లను అడిగిన తమ్మీ, నిన్ను గాదు. పిల్లలెందరు బిడ్డా?"

"లేరు."

"ఐతరు తియ్యి. ఏం వయసు మించిపోయింది? నాకు పెండ్లయిన పన్నెండేండ్లకు పుట్టింది గీ బిడ్డె. ఆయన మంచోడాయె, నువ్వు మంచిదానివాయె, ఇంకేం గావాలె?"

"ఊఁ."

"ఊఁ అనుకుంట గట్ల కూసున్నవేంది? అవ్వగారింటికెల్లి పోతున్నందుకు రందా?"

"ఏం లేదు."

"చెవులు బోసిగున్నయేంది?"

"లేనోళ్లమవ్వా. మేము బట్ట నేసే సాంచలు నడుపుకొని బతికేటోళ్లం, ఏం పెడుతం?"

"తమ్మీ, నేను ముసల్దాన్నే గని గుడ్డిదాన్ని గాదు. చెవు తమ్మెలు ఎర్రగున్నయ్. పొద్దుగాలనే తీసిండ్రు. దాసుకున్నరు. మంచి పనే చేసిండ్రు, నేనేం అడుగుతలేను యాడ దాసిండ్రని."

"మెల్లగ మాట్లాడవ్వా. మందిల ఉన్నం."

"నేనూ పోగొట్టుకున్నదాన్నే గదా. ధర్మపురి జాతరల, మెడల గుండ్లు. ఎవడు తీసిండో తెలుసా? మంచిగ తెల్లబట్టలేసుకున్నోడు, పెద్దమనిషి లెక్క. అవ్వా, దొంగలు తిరుగుతున్నరు పైలం, అని నాకు చెప్పినోడే. బుగులుకు నేను మెడ తడుముకున్న. రెండడుగులు పోయి మల్ల తడుముకుంటే లేవు."

"సూసినవా శంకరీ? గదే నేను చెప్పేది. తడుముకోవద్దు."

"తడుముకున్నందుకు గాదు తమ్మీ. పైలం అన్నోన్ని నమ్మినందుకు. మూడొద్దులు బువ్వ తినలే. మా ముసలాయన ఏమన్నడో తెలుసా బిడ్డా? నేనున్న గదనే పిచ్చిదానా, గుండ్లెందుకే నీకు, అన్నడు. మల్ల చేపిస్తనన్నడు. చేపియ్యలేదనుకో, గది వేరే ముచ్చట."

"ఉన్నడా అవ్వా?"

"ఎవలు?"

"మీ ముసలాయన."

"ఉన్నడు. ఒక కన్ను కనపడది, రాత్రంతా దగ్గుడు. పొద్దుమూకంగనే ఛాయ్ అంటడు, ఛాయ్ ఇస్తే చెక్కెర తక్కువున్నదంటడు. నా పానం తింటడు. ఉన్నడు."

"ఉంటే సాలు."

"ఏమంటివి బిడ్డా? బస్సు సప్పుడుకు వినపడలే."

"ఏం లేదవ్వా."

"ఇగో, గీ జాంపండు తిను. మా పెరట్లది."

"వద్దవ్వా, మాకు ఆకలి లేదు."

"నీకెవలిచ్చిండ్రు? పిల్లకిస్తున్న. గా మొఖం సూడు, రాత్రి సంది నోట్లె ఏమన్న పడ్డదా?"

"శంకరీ, తొవ్వల ఎవలన్న ఇస్తే..."

"నాకు చెవుడు లేదు తమ్మీ. మత్తు మందున్నదంటవు, గంతేనా? ఇగో, సగం నేను కొరికిన. సూడు, నములుతున్న, మింగిన. ఇప్పుడు తింటదా నీ చెల్లె?"

"గట్ల గాదవ్వా, కోపం చేసుకోకు. రోజులు బాగలెవ్వని..."

"నోట్లెకు పోదవ్వా. నిజంగ. ఏం పెట్టినా నోట్లెకు పోతలేదు."

"అయ్యో బిడ్డా. చెయ్యేంది గిట్ల సల్లగున్నది, గీ ఎండల?"

"అవ్వా, జగిత్యాల వచ్చింది. దిగు దిగు, బస్సు ఆగది."

"దిగుత తియ్యి, నూకుతవేంది. వస్త బిడ్డా. నిండు నూరేండ్లు పసుపు కుంకుమలతోని ఉండు. మీ ఇంటాయనకు చెప్పు, ఇగ నిన్ను ఒక్కదాన్ని తోలద్దని."

"చెప్త అవ్వా."

---

"పోయింది. మూట సూడు. ఉన్నదా?"

"ఒళ్లెనే ఉన్నది."

"ఇప్పి సూడు. వద్దు, ఇప్పకు. మీదికెల్లి ఒత్తి సూడు."

"ముట్టుకోకు అంటివి."

"ఇప్పుడు సూడమంటున్న. ఆమె నీ చెయ్యి పట్టుకున్నది. గట్లనే పట్టుకుంటరు. ముచ్చట వెట్టుకుంట, నిమురుకుంట."

"ఉన్నయన్నా. గుండ్లు తలుగుతున్నయ్. కమ్మలు తలుగుతున్నయ్."

"సరే. పట్టగొలుసులు సుత తియ్యి."

"వెండివి అన్నా."

"వెండైతే ఏంది, ఊకె వచ్చినయా? దిగేకాడ కాళ్లల్ల కాళ్లుంటయ్, గుంజుకుంటరు. వంగు. కొంగు అడ్డం పెట్టుకో."

"తీసిన."

"ఏంది, ఏమడిగినా తీస్తున్నవ్, ఒక్క మాట అనవు? ఇంటికాడ ఉన్నప్పుడు నీ గొలుసు మా ఆమె ఏసుకొని సూస్తనంటేనే మొఖం మాడ్చుకుంటివి."

"అప్పుడు అప్పటిది."

"దొంగలంటే బుగులైతున్నదా?"

"లేదు."

"మరి?"

"ఏం లేదన్నా. ఏమనిపిస్తలేదు నాకు. పన్ను గుంజేముందల దవాఖానల సూదిచ్చిండ్రు సూడు, దవడ మొద్దుబారి ఎవలిదో అయినట్టుండె. గట్లున్నది పెయ్యంత. మూట మీద చెయ్యి పెడితే బియ్యం తెలుస్తున్నయ్, చెయ్యి తెలుస్తలేదు."

"నిద్ర లేక. రాత్రంతా కూసుంటివి గదా."

"నువ్వూ కూసున్నవ్. గడప మీద."

"నాకు సాంచల కాడ అలవాటే. సూడు, నేను చెప్పేది ఇను. నస్పూర్‌ల దిగంగనే గా సొమ్ములు నాకియ్యి. బియ్యం నీ దగ్గరనే ఉండనీ. సొమ్ములు నా బనీన్ల ఏసుకొని మల్ల సిరిసిల్లకు తీస్కపోత. అవ్వ సందుకల పెడుత."

"ఇల్లు చేరినంక దొంగలెందుకుంటరు?"

"ఇంట్ల మంది ఉంటరు."

"మందెందుకుంటరు?"

"ఉండరా? దెబ్బ తాకినోన్ని సూడరారా?"

"దవాఖానల ఉన్నడంటివి."

"దవాఖానలనే... ఇంటికి తోలిండ్రట. ఇంటికాడనే ఉన్నడు."

"చెయ్యేనా విరిగింది?"

"చెయ్యే."

"పొద్దుగాల కాలంటివి."

"నాకేం ఎరుకనే శంకరీ. ఆసామి ఇంట్ల ఫోన్. ఎన్క సాంచల సప్పుడు. బండ పడ్డదన్నడు, దెబ్బ తాకిందన్నడు. కాలన్నడో చెయ్యన్నడో. తోల్కరా అన్నడు. నేను తోల్కపోతున్న."

"ఎవలు చేసిండ్రు ఫోన్?"

"మీ బావ. లచ్చయ్య."

"ఏడ్సిండా?"

"ఎవలు?"

"మా బావ. ఫోన్‌ల ఏడ్సిండా? తమ్మునికి దెబ్బ తాకిందని."

"ఆయన ఏడుస్తడా? రాయి లెక్క మనిషి. ఆయన ఏమడిగిండో తెలుసా? పిల్ల సొమ్ములన్నీ పెట్టుకొనే వచ్చిందా మీ ఇంటికి, అని అడిగిండు. ఫోన్ల. గా మాట చెప్పిన నోటితోనే గీ మాట అడిగిండు."

"ఏ మాట చెప్పిన నోటితోని?"

"గదే. దెబ్బ తాకిన ముచ్చట."

"ఊఁ."

"గందుకే చెప్తున్న. దొంగలు బస్సులల్లనే ఉంటరా? గీ సొమ్ము ఎవలు చేపిచ్చిండ్రు? మీ అత్తమామలా, లచ్చయ్యనా? మీ ఇంటాయన చేపిచ్చిండు. భూమి కిందికి దిగి చేపిచ్చిండు."

"పండుగకు సుత డ్యూటీకి పోయిండు గుండ్ల కోసం. అందరిండ్లల్ల బూరెలు చేసుకుంటుంటే నేను డబ్బాల జొన్నరొట్టె పెట్టిచ్చిన. వద్దయ్యా అంటే వినలే. బోసి మెడతోని మీ అన్న ముందల తిరిగితే నాకు నామోషి అన్నడు."

"గట్లన్నడా?"

"ఆఁ. నీ ముందల నామోషట. నువ్వంటే మస్తు ఇజ్జతు ఆయనకు. అన్నా."

"ఏంది?"

"ఆయన అడిగితే ఏం చెప్పాలె?"

"ఎవలు?"

"ఆయన. ఇంట్లకు పోంగనే నా మెడ సూస్తడు గదా. గుండ్లేవే అంటే ఏం చెప్పాలె?"

"అడగడు."

"ఎందుకడగడు?"

"అడగడు తియ్యే. నొప్పుల మీద ఉన్నోడు గుండ్లడుగుతడా?"

"అడుగుతడు. నీకు తెలువది. జ్వరమొచ్చి పడుకున్ననాడు సుత, కమ్మలు తియ్యకు, మంచిగున్నవ్ అన్నడు."

"శంకరీ, జర ఊకో."

"నేనేం ఏడుస్తలేను గదా."

"ఏడుస్తలేవు. ఊకె అన్న."

"నీ కండ్లల్లకెల్లి నీళ్లొస్తున్నయ్."

"దుమ్ము. కిటికీ మూత సరిగ్గ పడుతలేదు. అగో, గోదారి గంగ వచ్చింది. రాయపట్నం బిరిజి. అందరు పైసలేస్తున్నరు. ఇగో, ఏస్తవా?"

"ఏమని మొక్కుకొని ఎయ్యాలె?"

"ఏమన్న మొక్కుకో."

"ఏమని? నువ్వు చెప్పు."

"నాకేం తెలుసు? నీ మొక్కు నీది."

"ఏమీ యాదికొస్తలేదన్నా. ఎప్పుడు గంగ దాటినా ఒక్కటే మొక్కుతుంటి. ఇప్పుడు గది మొక్కాల్నా?"

"వద్దు తియ్యి. దండం పెట్టు. ఊకె దండం పెట్టు, సాలు."

"పెట్టిన."

"నీళ్లు తక్కువున్నయ్ ఈయేడు. అంతా ఇసుకనే."

"లచ్చెట్టిపేట ఎంత దూరమున్నది?"

"గంగ దాటినం గదా, ఇంకెంత. అటెన్క మంచిర్యాల, అటెన్క మీ ఊరే. నువ్వు జర ఆనుకో. నిద్ర పోవద్దు, ఊకె ఆనుకో. నేను సూస్తుంట మూటను."

"నువ్వే ఆనుకో అన్నా. నేను మెల్కతోనే ఉన్న."

"నేను నిద్ర పోను. నిద్ర పోతే గదే సందని..."

"గా తువ్వాల నాకియ్యి. ఎండ మీద పడుతున్నది."

"ఇగో. మొఖం మీద ఏసుకో. మూట మీద చెయ్యి... చెయ్యి పెట్టకు. కొంగు కప్పు."

"కప్పిన. ఆనుకో."

---

"అన్నా. లే. మంచిర్యాల దాటింది."

"ఆఁ? నిద్ర పోయిన్నా? మూట? మూటేది?"

"ఒళ్లెనే ఉన్నది. బుగులు పడకు."

"థూ నా బతుకు. నీకు నిద్ర పోవద్దని చెప్పి నేనే పోయిన. ఎవలన్న వచ్చి కూసున్నరా పక్కన?"

"ఎవలు రాలే."

"ముడి ఇప్పినట్టున్నదేంది? నేను ఇట్ల కట్టలే."

"నేనే ఇప్పిన. మల్ల కట్టిన. ఇగో, పట్టు."

"గిదేంది?"

"సొమ్ములు. నా రుమాలుల కట్టిన. బనీన్ల పెట్టుకో. దిగినంక మందిల ఎట్ల ఇస్త? మా బావ గడప కాడనే నిలవడుతడు. ఇప్పుడే పెట్టుకో."

"మంచి పని చేసినవ్. గదే తెలివి. అన్నీ ఉన్నయా? గుండ్లు... కమ్మలు రెండు... పట్టగొలుసులు... శంకరీ."

"ఊఁ."

"గిదేందే?"

"పుస్తెలు."

"పుస్తెలెందుకు తీసినవ్? నేను అడిగిన్నా నిన్ను? గివి అడిగిన్నా?"

"అడగలే. పొద్దుగాల సంది ఒక్కొక్కటి తియ్యమన్నవ్. గివ్వొక్కటి తియ్యమనలే. ఎప్పుడంటవా అని సూసిన."

"నా నోటికెల్లి ఎట్లొస్తదే గా మాట?"

"రాదనే నేను తీసిన. గివి సుత ఆయన చేపిచ్చినవే. ఎవల చేతులెకు పోవద్దంటివి గదా."

"ఏసుకో. నీ కాళ్లు మొక్కుత, జర ఏసుకోయే. ఊరొచ్చింది. గడప కాడ అందరు నిలవడి ఉంటరు. గంతమందిల బోసి మెడతోని దిగుతవా?"

"బోసిగ లేదన్నా. ఇగో సూడు, నీ తువ్వాల పోగులు గుంజి తాడు పేనిన. అవ్వ పోసిన బియ్యంల పసుపుకొమ్ముంటే గదే కట్టుకున్న. పదోనాడు తెంపేటోళ్లకు గిది సాలదా?"